దేవుని డబ్బా

నా పొట్టమీద ఇంకా కాస్త పసుపు రంగు మిగిలింది. దానిమీద పచ్చటి మట్టల చెట్టు బొమ్మ ఉండేది. ఆకులు రాలిపోయి ఇప్పుడు మోడు మాత్రం కనిపిస్తోంది. డాల్డా డబ్బాను నేను. 1937లో ఈ దేశంలో మొదలైన వంశం మాది. వనస్పతి మోయడానికి పుట్టాను, ఒక పెళ్లింట పూరీలు వేగిన పూట ఖాళీ అయ్యాను. మా తోబుట్టువుల్లో కొందరు తులసి మొక్కలకు కుండీలయ్యారు. కొందరు తెల్లవారుజామున నీళ్లు మోసుకుంటూ పొలం గట్లకు వెళ్లారు. నన్ను మాత్రం ఆ పెళ్లింట అంట్లు తోమడానికొచ్చిన ఒక మనిషి అడిగి తెచ్చుకుంది. బూడిదతో తోమి, కుంకుడు రసంతో కడిగి, జిడ్డు వాసన పోయేదాకా ఎండలో బోర్లించింది. పొయ్యి పక్కన గూట్లో పెట్టి, "ఇగ ఇది దేవుని డబ్బా అత్తా, ఎవ్వల్ని ముట్టనియ్యకు" అని అత్తతో చెప్పింది.

ఆమెను అవ్వ అంటాను. అప్పటికి ముప్పై కూడా నిండలేదుగానీ నేనెక్కువ కాలం చూసింది అవ్వగానే. ఊరు డోర్నకల్‌కు ఎడ్లబండి దూరం. పేరెందుకు లెండి, రైలు కూత వినపడేది.

నాకు ముందు ఆ గూట్లో ఒక మట్టి కుండ ఉండేదట. అది పగిలింది కాబట్టే నాకు చోటు దొరికింది. దాని సంగతులు అత్త చెప్పేది. అది అజరయ్యగారి కాలం. తిరునెల్వేలి సీమలో పుట్టిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1909లో ఈ నైజాం పల్లెలకు వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో డోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్ కావడం అదే మొదలు. ఆయన కాలంలో బాప్తిస్మం పొందినవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ వాడలవాళ్లే. కూలి దొరికితే తిండి, దొరక్కపోతే లేదు. అలాంటి వాళ్లను కానుక అడగడమేమిటని మనకు అనిపిస్తుంది. అజరయ్య అడిగారు. క్రైస్తవులు ఇవ్వడం గురించి ఒక పుస్తకమే రాశారు. పేదవాళ్లను ఎప్పుడూ చేయి చాపేవాళ్లుగానే చూడటం వాళ్లకు గౌరవం కాదని ఆయన ఉద్దేశమై ఉంటుందని నేననుకుంటాను. డోర్నకల్ కెథడ్రల్‌కు 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. హిందూ గుడి స్తంభాలూ మసీదు గుమ్మటాలూ కలిసిన ఆ కట్టడాన్ని చూడటానికి ఎక్కడెక్కడివాళ్లో వస్తారు. అత్త లెక్క ప్రకారం అందులో ఆమె కుండలోని గింజలూ ఉన్నాయి. కాదనడానికి నేనెవర్ని?

నా పని చూడటానికి చాలా చిన్నది. పూటకు కావలసిన గింజలు సోలతో కొలిచి చాటలో పోశాక, ఎసట్లో వేయకముందు, అందులోంచి పిడికెడు తీసి నాలో వేస్తారు. ఆదివారం ఆ మూట గుడికి పోతుంది. అంతే. ఇందులో కిటుకు ఒకటుంది, దాన్ని అవ్వకు అత్త మొదటి రోజే చెప్పింది. పిడికెడు తీయవలసింది బస్తాలోంచి కాదు, కొలిచిన దాంట్లోంచి. బస్తాలోంచి తీస్తే బస్తా తగ్గుతుంది, ఎవరికీ తెలియదు. కొలిచిన దాంట్లోంచి తీస్తే ఆ పూట కంచంలో ఒక ముద్ద తగ్గుతుంది. అది తీసినవాళ్ల కడుపుకు తెలియాలి. తిన్నాక మిగిలింది వేయడమన్న మాట ఆ ఇంట్లో నేనెన్నడూ వినలేదు.

మొదట్లో నాలో పడినవి జొన్నలే. ఆ ఇంట్లో రోజూ గటక, వరి అన్నం పండగకే. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చాక నా కడుపులో జొన్నల గలగల పోయి బియ్యం సద్దు మొదలైంది.

అవ్వకు చదువు రాదు. చిన్నకొడుకు బడికి పోయి అక్షరాలు కూడబలుక్కోవడం నేర్చాక, రాత్రి కుటుంబ ప్రార్థనలో బైబిలు చదివే పని వాడికి పడింది. వాడు వరసగా చదువుకుపోయేవాడు. లేవీయకాండంలో బలుల లెక్కలొచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ కునికేది. నేనూ కునికేదాన్ని. పందొమ్మిదో అధ్యాయానికొచ్చిన రాత్రి మాత్రం అవ్వ నిద్ర ఎగిరిపోయింది. పరిశుద్ధంగా ఉండమని దేవుడు జనానికి చెప్పే అధ్యాయం అది. పరిశుద్ధత అంటే తెల్ల చీర, ఉపవాసం, మోకాళ్ల ప్రార్థన అని అవ్వ అప్పటిదాకా అనుకునేది. ఆ అధ్యాయం పొలంలోకి దిగుతుంది. కోసేటప్పుడు పొలం అంచులదాకా కోసుకోవద్దు, పరిగె ఏరుకోవద్దు, అవి పేదవాళ్లకు వదలమంటుంది. కూలివాడి కూలి తెల్లారేదాకా దగ్గర పెట్టుకోవద్దంటుంది. చెవిటివాణ్ణి తిట్టొద్దంటుంది. కొలతల్లో, తూకాల్లో మోసం చేయవద్దంటుంది.

"మళ్ల సదువు బిడ్డా" అంది అవ్వ. వాడు మళ్లీ చదివాడు.

"ఇయన్నీ ఆసామి చెయ్యాల్సినయి గదరా! పరిగె ఏరినదాన్ని నేను, కూలి కోసం వారాలు తిరిగినదాన్ని నేను" అని నవ్వింది. ఇంట్లో అందరూ నవ్వారు. నవ్వు ఆగాక అవ్వ నావైపు, నా పక్కనున్న సోలవైపు చూస్తూ చాలాసేపు కూర్చుంది. ఆ వాడలో బియ్యం బదులు అడగడం మామూలే. బదులు తెచ్చుకునేటప్పుడు సోల మీద కుప్ప పోసి తెచ్చుకుంటారు, తిరిగిచ్చేటప్పుడు అంచు దగ్గర చేత్తో చదును చేసి ఇస్తారు. అందరూ చేసేదే, ఎవరూ తప్పనుకోరు. అవ్వా అలాగే ఇచ్చేది. ఆ వారం పక్కింటికి తిరిగిచ్చిన సోల మీద కుప్ప ఉంది. ఎందుకని వాళ్లూ అడగలేదు, ఈమే చెప్పలేదు. నేను గూట్లోంచి చూశాను. ఆదివారం ప్రసంగాలు నాకు అందవు, ఆదివారం నేను ఖాళీగా ఇంట్లోనే ఉంటాను. నాకు తెలిసిన పరిశుద్ధత ఆ కుప్ప సోల.

అవ్వ పెనిమిటి కల్లు మనిషి. శ్రమకాలం నలభై రోజులూ ముట్టడు, ముఖం కళకళలాడుతుంది, ముందు వరసలో కూర్చుంటాడు. ఈస్టరు నాటి మాపటికి బాకీ అంతా తీర్చేస్తాడు. మట్టల ఆదివారం చేతిలో కొమ్మ పట్టుకుని పాడుతూ వెళ్లే ఆయన్ని చూస్తే ముచ్చటేసేది. నా పొట్టమీద చెట్టుంది కదా, ఆ ఒక్క ఆదివారం నేనూ పండగ బట్టలు కట్టుకున్నట్టే. ఆయన గురించి ఇంతకంటే చెప్పను, మంచి మనిషి.

ఇక ఒక సున్నా సంగతి. గుడి ఆడవాళ్ల సంఘమైన స్త్రీల మైత్రిలో బియ్యం లెక్కకు ఒక నోటుబుక్కు ఉండేది. ఎవరి పేరెదుట ఎన్ని సోలలొచ్చాయో పాస్టరు అయ్యగారి ఇంట్లో అమ్మగారు రాసేవారు. చెడు ఉద్దేశంతో కాదు, లెక్క లెక్కే. ఒక ఆషాఢంలో నాట్లు లేవు, కూలి లేదు. వెనక వీధిలో ఒక బాలింత, పెనిమిటి వలసపోయాడు. వాళ్లు గుడికి వచ్చేవాళ్లు కాదు, వాళ్ల దేవుళ్లు వేరు. ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదని మాపటివేళ అవ్వకు తెలిసింది. బస్తా అడుగున దులిపితే తన పిల్లలకే చాలవు. గూటి ముందు నిలబడింది. నన్ను దించింది. మూత గట్టిగా పట్టుకుంటే గరిటె కాడతో తెరిచింది. ఉన్నదంతా కొంగులోకి ఒంపుకుని చీకట్లో వెళ్లిపోయింది.

ఆదివారం అవ్వ ఒట్టి చేతులతో గుడికి వెళ్లింది. పుస్తకంలో ఆమె పేరెదుట సున్నా పడింది. ఎవరో ఏమో అన్నారని తర్వాత కోడలితో ఆ వాడ మనిషే చెబుతుంటే విన్నాను. అవ్వ మాత్రం ఆ రోజూ నోరు తెరవలేదు, ఆ తర్వాతా తెరవలేదు. ఒక్క మాట చెబితే అమ్మగారే సున్నా కొట్టేసి మెచ్చుకునేవారు. నాకు నోరుంటే చెప్పేసేదాన్నే. అప్పుడు కుడిచేతి పని ఎడమచేతికి తెలియనివ్వవద్దన్న ఆ ప్రభువు మాటకు నేనే అడ్డుపడేదాన్ని. మార్కు సువార్తలో యేసు కానుకపెట్టె ఎదుట కూర్చుని ఎవరెంత వేస్తున్నారో చూశాడని ఉంది. వేసినవాళ్లను చూశాడు. వేయనివాళ్ల ఇళ్లలో ఆ వారం ఏం జరిగిందో కూడా ఆయనకు తెలిసే ఉంటుందని నా నమ్మకం.

కోతపండుగ వేలంపాటను మాత్రం ఎగతాళి చేయను. కోళ్లు, గుమ్మడికాయలు, కొత్త ధాన్యం గుడి ముందు పోగేసి పాట పెడతారు. యాభై రూపాయల గుమ్మడికాయను ఒక పెద్దమనిషి వెయ్యికి పాడి నలుగురివైపు చూస్తాడు. చూడనివ్వండి. ఆ డబ్బుతోనే గుడి కప్పు బాగైంది, వానాకాలం ముసలివాళ్లు తడవకుండా కూర్చున్నారు.

నన్ను ఎక్కువ కాలం బాధపెట్టింది ఒక కాగితం. చిన్నోడు కాలేజీలో చేరేటప్పుడు కులం సర్టిఫికెట్ అవసరమైంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవుణ్ణని రాస్తే వాడు బీసీ-సి అవుతాడు, ఎస్సీ కాడు. మతం అన్న గడి దగ్గర వాడి కలం ఆగిపోయింది.

"అమ్మా, ఏం రాయమంటవు?"

అవ్వ చాట కింద పెట్టింది. "గుడికి పోతున్నమని హోటల్ల మనకు వేరే గిలాస పెట్టుడు బంద్ చేసిన్రా బిడ్డా? మనం మారినమని సర్కారుకు తెలిసింది గని, ఊరికి తెల్వలేదా?"

వాడు హిందువని రాశాడు. రాసినవాడు మాత్రం తర్వాత చాలాకాలం ప్రభు సంస్కారానికి లేవలేదు. సంస్కారం ఇచ్చే ఆదివారాల్లో చివరి బల్ల మీద తల దించుకుని కూర్చునేవాడట. ఎవరూ వద్దనలేదు, వాడికి వాడే వద్దనుకున్నాడు. అననీయ, సప్పీరాల కథ చదివిన రాత్రి వాడి గొంతు పట్టేసింది. ఆ భార్యాభర్తలు పొలం అమ్మిన సొమ్ములో కొంత దాచుకుని అంతా ఇచ్చామన్నారు. వాడి దగ్గర దాచుకోవడానికి ఏముంది? వాడు అబద్ధం ఆడాడా, వాడిచేత ఆడించారా? ఏ ఇన్‌స్పెక్టరైనా వచ్చి నన్ను చూస్తే డాల్డా అనే రాసుకుంటాడు, నా మీద అదే ఉంది కాబట్టి. మూత తీసి చూడాలన్న నిబంధన అతని పుస్తకంలో లేకపోతే తప్పు నాది కాదు. ఒక క్రిస్మస్‌కు వాడు లేచి ముందుకు వెళ్లి రొట్టె అందుకున్నాడని విన్నాను. మనసులో ఏం తేల్చుకున్నాడో ఇంట్లో చెప్పలేదు. ఆ ఉత్తర్వు మాత్రం మారవలసిందేనని నా తీర్పు.

వాడికి ఉద్యోగమొచ్చాక ఇంట్లోకి సన్నబియ్యం వచ్చాయి. రేషన్‌లో దొడ్డు బియ్యమూ వస్తూనే ఉన్నాయి. అప్పుడొక చిక్కు. తినేది సన్నబియ్యం, నాలో వేసేది దొడ్డు బియ్యం. కోడలు చెడ్డది కాదు, పడేయడం ఎందుకని అలా చేసింది. అవ్వ ఒకరోజు నా మూత తీసి, చేయి పెట్టి, గింజలు వేళ్ల మధ్య నలిపి చూసింది. ఏమీ అనలేదు. మర్నాటినుంచి తన కంచంలోకి దొడ్డు బియ్యం వండమంది. అప్పటికి పళ్లు లేవు ఆమెకు, నమలడానికి అవస్థ పడింది. నాలుగో పూటకో అయిదో పూటకో కోడలికి అర్థమైంది. ఆ తర్వాత వండుకునే బియ్యమే నాలో పడ్డాయి. 2025 ఉగాది నుంచి రేషన్‌లోనూ సన్నబియ్యం ఇస్తున్నారు, ఆ చిక్కు తీరిపోయింది. చూడటానికి అవ్వ లేదు.

ఇప్పుడు గుడి గుమ్మం దగ్గర క్యూఆర్ కోడ్ అంటించారు. కొడుకు హైదరాబాద్ నుంచి నెలనెలా డబ్బు పంపుతాడు. మంచిదే, దశమభాగం తప్పకుండా చేరుతుంది. అద్దె, వాయిదాలు, కరెంటు బిల్లు పోయాక పంపుతాడో, జీతం పడిన రోజే పంపుతాడో నాకు తెలియదు. కొలిచిన దాంట్లోంచి తీయాలన్న అత్త మాట ఫోనుకూ వర్తిస్తుందనుకుంటాను.

నా అడుగు తుప్పు పట్టింది, గింజలు కారుతున్నాయి. నన్ను తీసేసి వేరేది పెట్టుకొమ్మని కోడలితో చెప్పగలిగితే చెప్పేదాన్ని. మీకు చెప్తున్నాను. స్టీలుదైనా ప్లాస్టిక్‌దైనా ఫరవాలేదు, మూత బిగుతుగా ఉండాలి. లక్కపురుగు పట్టకుండా నాలుగు వేపాకులు ఎండబెట్టి వేయండి. బైబిలు పక్కన అలంకారంగా పెట్టకండి, పొయ్యి దగ్గర చేతికందేలా పెట్టండి. వెనక వీధిలో ఎవరి పొయ్యి అయినా వెలగలేదని తెలిస్తే ఆదివారం దాకా ఆగకండి.