మోకాలికి నా సొంత వైద్యం

ఆసుపత్రికి పోతే ఆపరేషన్ అంటారేమోనని భయం. ఆ పిరికితనాన్ని కప్పిపెట్టడానికి ‘ఇంటివైద్యం చేసుకుంటున్నా’ అని ఊరంతా చెప్పుకున్నాను.

మాది కుప్పం పక్క పల్లె. పట్టుపురుగులు మేపుతాం. గొంతుక్కూర్చుని మల్బరీ కోసి కోసి కుడి మోకాలు అరిగింది. పొద్దున లేస్తే బిగుసుకుని, కాసేపు నడిస్తే వదిలేది. కుప్పంలోని పీఈఎస్ ఆసుపత్రికి అటు కర్ణాటక, ఇటు తమిళనాడు నుంచి కూడా జనం వస్తారు. పక్కనే ఉన్న నేను మాత్రం పోలేదు. ఎవరో పొట్లం కట్టి ఇచ్చిన పేరులేని మాత్రలు మింగాను. నొప్పి మాయమయ్యేది. ఆ ధీమాతో ఇంకో మోపు ఎక్కువ కోసేవాణ్ణి! అలాంటి వాటిలో స్టిరాయిడ్ కలిసి ఉండొచ్చని, నొప్పిమాత్రలు రోజూ మింగితే కడుపులో పుండు పడుతుందని, కిడ్నీలు దెబ్బతింటాయని తర్వాత తెలిసింది.

ఒకరోజు మోకాలు ఉబ్బి, ఎర్రబారి, కాగిపోయింది. ఒళ్లూ వెచ్చబడింది. పట్టుపురుగు పొర విడిచే ‘జ్వరం’లో ఉంటే ఆకు వెయ్యం, కదిలించం. నా మోకాలికి మాత్రం ఆముదం కాచి పోసి, పిడికిలితో రుద్దాను.

“ఏమయ్యో, చాలు నీ వైద్యం, లెయ్” అని మా ఆవిడ ఆటో ఎక్కించింది.

డాక్టరుగారు సూదితో కీలులోని నీరు తీసి పరీక్షకు పంపారు. చీము లేదు, బతికిపోయాను. ఉండుంటే రోజుల్లోనే కీలును తినేసేదట. వాపూ జ్వరమూ కలిసొచ్చినా, పడ్డాక కాలు మోపలేకపోయినా, మోకాలు ఇరుక్కుపోయినా, ఒక్క పిక్కే వాచినా ఆ రోజే రావాలన్నారు.

ఆపరేషన్ మాట ఆయన ఎత్తనేలేదు. వాపు తగ్గాక, కాలు చాపి, మోకాలి కింద టవలు చుట్ట పెట్టి, తొడ బిగిసేలా కిందికి నొక్కి, అయిదు లెక్కపెట్టి వదలమన్నారు. మొదట్లో తొడ గడగడా వణికింది. ఒంట్లో కిలో తగ్గితే, ప్రతి అడుగుకీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందట. సంగటి ముద్ద చిన్నదయింది.

నొప్పి కుడికాలికైతే కర్ర ఎడమచేత పట్టాలన్నారు. ఎదురైనవాళ్లంతా “చెయ్యి తప్పు మామా” అంటున్నారు. వాళ్ల ముందు కుడిచేతికి మార్చుకుని, మలుపు తిరిగాక మళ్లీ ఎడమచేతికి తెచ్చుకుంటున్నాను.