ఎన్నియేవి పద్యానికి టీకా తాత్పర్యం

లాభమున్న లేక లయమైన ప్రతిరోజు
ఖర్చు కోసుకొనును గత్తి లేక
మిగిలినదియె నీకు మిసిమిగా కనుపించు
ఎన్నియేవి యనగ నెరుగుమయ్య!

ప్రతిపదార్థం: లాభమున్న = మార్కెట్ ఎగసినా; లేక, లయమైన = కుప్పకూలినా; ప్రతిరోజు = ఏడాది చివర కాక, ఏ రోజుకారోజు; ఖర్చు = ఫండు నడిపేందుకు తీసుకునే మొత్తం ఖర్చు శాతం, టీఈఆర్ అనబడునది; కత్తి లేక = రసీదు గానీ ఎస్సెమ్మెస్ గానీ లేకుండా; కోసుకొనును = తన వాటా తీసుకుంటుంది; మిగిలినదియె = ఆ కోత పోగా తేలినదే; మిసిమిగా = యాప్‌లో పచ్చరంగులో; ఎన్నియేవి = యూనిట్ విలువ అయిన ఎన్ఏవీ; అయ్య = ఓ మదుపరీ!

తాత్పర్యం: మ్యూచువల్ ఫండు గెలిచినా ఓడినా దాన్ని నడిపేవారి రుసుము ఆగదు. నీకు చూపించే రాబడి అది పోగా మిగిలినదే.

విశేషాలు: 'ఎన్ని? ఏవి?' అని విడదీసి, ఖర్చులెన్ని, అవి ఏవి అని అడగమన్నారని కొందరు చెబుతారు. అన్వయం కాస్త లాగినట్టున్నా సలహా మంచిదే.

కవి హృదయమంతా 'కత్తి లేక' అన్నచోటే ఉంది. 2009 ఆగస్టుకు ముందు కత్తి కంటికి కనబడేది. ఎంట్రీ లోడ్ పేరుతో ఈక్విటీ ఫండులో వందకు రెండుంపావలా దాకా ముందే తెగేది. సెబీ దాన్ని మాన్పించింది. ఇప్పటిది నెత్తురు రాని కోత. పది లక్షల మీద 1.75 శాతమంటే రోజుకు సుమారు 48 రూపాయలు. పాలవాడు రోజూ అంత అదనంగా రాసుకుంటే వీధంతా లేచేది. కారణం లేకుండా కార్యం జరిగింది కనుక ఇక్కడ విభావనాలంకారం. కారణం స్కీము పత్రంలో రాసే ఉంది కనుక కాదని ఫండ్ హౌసుల వాదం. చదివినవారెవరో తేలితే ఈ వివాదం తీరుతుంది.

పూర్వపక్షం: ఒక్క శాతానికి ఇంత రాద్ధాంతమా?

సమాధానం: ఖర్చులకు ముందు ఏటా 12 శాతం వస్తుందనుకుందాం. పది లక్షలు ఇరవై ఏళ్లు ఉంచితే, 0.75 శాతం ఖర్చు పోగా 84.3 లక్షలు చేతికొస్తాయి. 1.75 పోతే 70.4. ఆ ఒక్క శాతం మింగింది పెట్టిన అసలు కంటే ఎక్కువ. ఆ 12 శాతానికి హామీ ఇచ్చేవాడు లేడు, ఖర్చు మాత్రం ఖాయం.

ఈ కోత తగ్గించుకునే దారీ ఉంది. 2013 జనవరి నుంచి దాదాపు ప్రతి ఫండుకూ డైరెక్ట్ అనే శాఖ ఉంది. అదే మేనేజరు, అవే షేర్లు. డిస్ట్రిబ్యూటరు కమీషన్ మాత్రం ఉండదు. రెగ్యులర్ శాఖలో ఆ కమీషన్ మన ఖర్చులోంచే ఏటా వెళుతుంది. మార్కెట్ పడినప్పుడు కంగారుపడి అమ్మేయకుండా ఆపిన ఏజెంటుకు అది న్యాయమే. పన్ను ఆదా కోసం మార్చి నెలలో మాత్రమే ఫోన్ చేసేవాడికి ఎందుకివ్వాలో ఏ వ్యాఖ్యాతా చెప్పలేదు.

మీ స్టేట్‌మెంట్ తీసి, స్కీము పేరు పక్కన రెగ్యులర్ అని ఉందో డైరెక్ట్ అని ఉందో ఈ పూటే చూసుకోండి.