మూడు చుక్కల మర్యాద

నాయకుడి తిట్టును పత్రికలో అచ్చువేయడం ఒక కళ. మొదటి అక్షరం, మూడు చుక్కలు, చివరి అక్షరం. మధ్యది చదివేవాడే పూరించుకుంటాడు. తిట్టిన పాపం నాయకుడిది, అచ్చువేయని పుణ్యం సంపాదకుడిది, మనసులో పలికిన దోషం మాత్రం మనది! టీవీలో చుక్కల బదులు కూత. అది వినపడగానే వంటింట్లోని అత్తగారు గరిటెతో సహా హాల్లోకొచ్చి, "ఏమన్నాడేమిటే?" అంటుంది.

మన శుచికి చరిత్ర కూడా ఉంది. 18వ శతాబ్దిలో తంజావూరు ప్రతాపసింహుడి కొలువులో ముద్దుపళని అనే కవయిత్రి 'రాధికా సాంత్వనం' కావ్యం రాసింది. అలిగిన రాధను కృష్ణుడు బతిమాలుకునే కథ. 1887 నాటి ముద్రణలో కొన్ని పద్యాలు మాయం. 1910లో గాయని బెంగళూరు నాగరత్నమ్మ వాటిని వెతికి తెచ్చి, వావిళ్ల వారి చేత పూర్తి పాఠం వేయించింది. అంతే, లోకానికి సిగ్గు ముంచుకొచ్చింది. ఇలాంటి మాటలు ఆడది వినకూడదు, ఇక రాయడమా అని కందుకూరి వీరేశలింగం గారు అప్పటికే విసుక్కుని ఉన్నారు. సిగ్గు ఆడవాళ్లకేనా, మగవాళ్లకు అక్కర్లేదా అని నాగరత్నమ్మ అడిగింది. ప్రబంధకవులు నఖశిఖాలూ వర్ణిస్తే శృంగారరసం. అదే రాధ తన కోరిక తాను చెప్పుకుంటే బూతు!

1911లో సర్కారు దిగింది. తెలుగు రాని దొరల కోసం అభ్యంతరకర పద్యాలను ప్రభుత్వ అనువాదకుడు ఇంగ్లీషులోకి మార్చిపెట్టాడు. జనం చదవకూడదన్న పద్యాలు అలా రెండో భాషలోకీ పాకాయి! ప్రతులు జప్తయ్యాయి, పుస్తకం నిషేధమైంది. పండితులు మొరపెట్టుకున్నా లాభం లేకపోయింది. 1947లో టంగుటూరి ప్రకాశం చొరవతో గానీ ఆ నిషేధం తొలగలేదు.

ఆ పద్యాల్లో ఎవరినీ తిట్టలేదు. ఒక ఆడమనిషి తన సుఖం గురించి తాను మాట్లాడింది, అంతే. ఇవాళ చుక్కల వెనక దాక్కుంటున్న మాటలు చూడండి. ఇద్దరు మగవాళ్లకు సీటు దగ్గర తగువొస్తే నలిగేది వాళ్ల తల్లులూ, అక్కచెల్లెళ్లూ, భార్యలూ. దానికి మనం వేసే శిక్ష మూడు చుక్కలు. ఆ పైన మొదటి పేజీలో చోటు, నవ్వుతున్న ఫొటో.

సుఖం గురించి రాసిన ముద్దుపళనికి ముప్ఫయ్యారేళ్ల నిషేధం. అమ్మను తిట్టిన అయ్యగారికి మూడు చుక్కలు. మన మర్యాద ధరల పట్టిక ఇదీ.