నెల చూసి రాసిన జాతకం

మా ఇంట్లో చంటిపిల్ల పుట్టింది. ముని మనవరాలు. ఫోన్లో కబురు చెప్పగానే నేనడిగిన మొదటి మాట, తల్లీబిడ్డా క్షేమమేనా అని. రెండోది, ఏ పక్షం, ఏ తిథి అని. అవతల ఉలుకూ పలుకూ లేదు. కాసేపాగి మనవడు, "తాతయ్యా, డేటూ టైమూ వాట్సాప్‌లో పెట్టాను, చూడు" అన్నాడు. సాయంత్రానికి నలభై పేజీల జాతకం కూడా పంపాడు, రంగురంగుల చక్రాలతో. అన్ని పేజీలు తిరగేస్తే మాసం, పక్షం, తిథి ఒక మూల చిన్న పెట్టెలో కనపడ్డాయి. మొదటి పేజీ అంతా ఇంగ్లీషు తేదీయే.

ఈ మాట అంటే మా ఇంట్లో చాదస్తం అంటారు. అననివ్వండి. మా రోజుల్లో జాతకం మొదటి వాక్యమే చంద్రుడితో ముడిపడి ఉండేది. సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి వరసగా రాశాకే బిడ్డ పేరు వచ్చేది. ఆ వరసలో మాసం అన్న మాట ఊరికే పడలేదు. మనం అమాంత మాసం వాళ్ళం. అమావాస్య ఎప్పుడు ముగిసిందో అప్పుడే మనకు కొత్త మాసం మొదలు. ఆ అమావాస్య తర్వాత సూర్యుడు ఏ రాశిలో అడుగు పెడతాడో దాన్ని బట్టే మాసానికి పేరు. మేషంలోకి వస్తే చైత్రం, వృషభంలోకి వస్తే వైశాఖం. ఏ సంక్రమణమూ లేకపోతే అధిక మాసం, 2023లో అధిక శ్రావణం వచ్చినట్టు. అంటే ఫలానా మాసంలో పుట్టాడు అని రాయగానే, వాడు పుట్టకముందు వచ్చిన అమావాస్య ఏదో కూడా రాసేసినట్టే. తిథి రాస్తే ఆ అమావాస్య నుంచి చంద్రుడు సూర్యుణ్ణి దాటి ఎంత దూరం వెళ్ళాడో తేలుతుంది, తిథికి పన్నెండు భాగల, అంటే డిగ్రీల, చొప్పున. ఒక్క వాక్యంలో ఇంత ఉంది. దాన్ని తీసి మూలన పెడితే నాకు కడుపులో దేవినట్టు ఉండదా?

మా నాయనమ్మకు చదువు రాదు. కానీ ఇంట్లో ఎవరు కడుపుతో ఉన్నా లెక్క ఆవిడ దగ్గరే ఉండేది. "మొన్న అమావాస్యకి ఏడు వెళ్ళి ఎనిమిది వచ్చింది" అనేది. మన భాషలో నెల అంటే చంద్రుడే కదా. నెల తప్పింది అంటాం, నెలలు నిండాయి అంటాం. బిడ్డ భూమ్మీద పడకముందే ఎన్ని చంద్రుల్ని దాటి వచ్చిందో ఆడవాళ్ళ నోట్లో ఉండేది. ఇప్పుడు వారాలు. ముప్ఫయ్యేడో వారం, ముప్ఫయ్యెనిమిదో వారం. డాక్టర్లకు అది కావాలి, కాదనను. కానీ ఇంట్లోవాళ్ళు కూడా వారాల్లోనే మాట్లాడటం మొదలుపెట్టాక, బిడ్డ పుట్టిన రాత్రి ఆకాశంలో చంద్రుడు ఉన్నాడో లేడో తలెత్తి చూసిన మనిషి ఒక్కరూ లేరు.

మా అన్నయ్య 1944లో పుట్టాడు. తారణ నామ సంవత్సరం, వైశాఖ బహుళ పంచమి. గోదావరి పాయ పక్కన మా ఊరు. తెల్లవారుజామునే అమ్మకు నొప్పులు మొదలయ్యాయట. తాతయ్య సూర్యోదయం వేళకి ఇత్తడి గంగాళంలో నీళ్ళు పోయించి, అటక మీది రాగి గడియకుడుక దింపి అందులో వదిలాడు. అడుగున సన్నని బెజ్జం ఉన్న గిన్నె అది. నీళ్ళు నిండి మునగడానికి ఒక గడియ, అంటే ఇరవై నాలుగు నిమిషాలు. మునిగినప్పుడల్లా తీసి మళ్ళీ తేల్చడం, పక్కన ఒక చింతగింజ పెట్టడం. ఆ పని మా మేనత్తది, అప్పటికి ఆవిడకు పన్నెండేళ్ళు. పొద్దు వాలేసరికి ముప్ఫయ్యొక్క గింజలు పోగయ్యాయి. ముప్ఫయ్యిరెండోసారి గిన్నె మూడో వంతు నిండిందో లేదో, మంత్రసాని లోపల్నుంచి కేకేసింది. తాతయ్య రాసిన కాగితం నా దగ్గరే ఉంది. సూర్యోదయాది గత ఘటికలు 31, విఘటికలు 20. తులా లగ్నం. కింద ఇంకో వరస: చైత్ర అమావాస్య తరువాత పంతొమ్మిది తిథులు గతించి ఇరవయ్యోది నడుస్తుండగా.

ఆ రోజు గోడ గడియారం ఏడు దాటి నాలుగు నిమిషాలు చూపించిందని ఇంట్లో అందరికీ గుర్తు. మనవడు సరదాగా ఆ ఏడూ నాలుగూ యాప్‌లో కొట్టాడు. వృశ్చిక లగ్నం అని వచ్చింది. "మీ తాతగారు తప్పు రాశారు" అన్నాడు. నాకు చాలా బాధేసింది. 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు వరకు యుద్ధం కోసం దేశమంతా గడియారాలు గంట ముందుకు జరిపారు. ఏడూ నాలుగు అంటే నిజానికి ఆరూ నాలుగు. ఆ గంటే లగ్నాన్ని తుల నుంచి వృశ్చికానికి నెట్టింది. సర్కారు గడియారాన్ని ఎటు జరిపినా సూర్యోదయం జరగదు, అమావాస్య జరగదు. అందుకే తాతయ్య గడియారాన్ని రాయకుండా వాటినే రాశాడు. సరిచేసి కొడితే యాప్ కూడా తులే చెప్పింది. యంత్రానిది తప్పేమీ లేదు. దాని చేతికి ఏం ఇవ్వాలో తెలిసిన మనుషులు తగ్గిపోయారు.

ఈ పట్టింపు మన ఒక్కళ్ళదే అనుకుంటే పొరపాటు. రెండో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో టాలెమీ ఇదే గొడవ పడ్డాడు. ఎండ గడియారాలు కదిలిపోతాయి, నీటి గడియారాల్లో ధార ఒక్కలా ఉండదు, కాబట్టి చెప్పిన జనన కాలాన్ని గుడ్డిగా నమ్మొద్దన్నాడు. మరేం చెయ్యాలి? బిడ్డ పుట్టకముందు చివరగా వచ్చింది అమావాస్యో పున్నమో చూడమన్నాడు. అమావాస్య అయితే సూర్యచంద్రులు కలిసిన భాగ, పున్నమి అయితే ఆ వేళ భూమికి పైన ఉన్నవాడి భాగ తీసుకోవాలి. ఆ భాగ మీద ఏ గ్రహానికి ఎక్కువ అధికారం ఉందో తేల్చాలి. పుట్టిన వేళ ఆ గ్రహం తానున్న రాశిలో ఎన్నో భాగలో ఉందో, లగ్నాన్ని కూడా దాని రాశిలో అన్నో భాగకి సవరించాలి. అరబ్బులు, పారశీకులు దీన్ని నమూదార్ అన్నారు. 1029 నాటి గ్రంథంలో అల్ బెరూనీ కూడా దీని గురించి రాశాడు. మనం వాడే నమూనా అన్న మాటకు ఈ నమూదార్ చుట్టం. ఆ లెక్కన మా అన్నయ్యకు చూడాల్సింది వైశాఖ పున్నమి.

మన వరాహమిహిరుడు బృహజ్జాతకంలో నిషేకానికే ఒక అధ్యాయం కేటాయించాడు. గర్భం నిలిచిన వేళ నుంచి మొదలు పెట్టాడన్న మాట. మనవాళ్ళు అమావాస్య నాడు పుడితే దర్శ జనన శాంతి, బహుళ చతుర్దశికి వేరే శాంతి చేయించేవారు. క్షీణ చంద్రుణ్ణి పాపుల్లో కలిపారు. దారులు వేరైనా, పుట్టుకని గడియారం ముల్లు దగ్గర మొదలు పెట్టకూడదనే చూపు మాత్రం మనవాళ్ళదీ టాలెమీదీ ఒకటే. ఇది నేను మనసా వాచా నమ్మిన మాట.

ఇప్పుడేమో ముహూర్తం పెట్టించుకుని మరీ ఆపరేషన్ చేయించుకుంటున్నారు. పోనీ, ఆ టైమైనా సరిగ్గా రాసి పెడుతున్నారా? మా ముని మనవరాలికి ఆసుపత్రిలో మూడు టైములు ఉన్నాయి. చేతికి కట్టిన పట్టీ మీద ఒకటి, డిశ్చార్జి కాగితంలో ఒకటి, జనన ధ్రువీకరణకు పంపిన ఫారంలో ఇంకొకటి. మొదటిదానికీ చివరిదానికీ పదకొండు నిమిషాల తేడా. లగ్నం దాదాపు మూడు భాగలు నడిచే కాలం అది. ఇంకో పక్క, కాకినాడ దగ్గరగా పోయే రేఖ మీది టైము మన దేశానిది. పిల్ల పుట్టిన హైదరాబాదులో సూర్యుడు దానికి పదహారు నిమిషాలు వెనక నడుస్తాడు. చేత్తో లెక్క కట్టే మా బోటివాళ్ళకు ఇది వేళ్ళ మీద ఉండేది. మనవడికి చెప్తే వింతగా విన్నాడు.

తర్వాత రాత్రి పూట వాడే ఫోన్ చేశాడు. బాల్కనీలోకి వెళ్ళి చంద్రుణ్ణి చూశాడట. "ఇంకా సగానికి రాలేదు తాతయ్యా, పెరుగుతున్నట్టుంది" అన్నాడు. శుక్ల పక్షం అని చెప్పాను. పిల్ల పుట్టింది మొన్నటి విదియ నాడు. పాత చిట్టా తీసి, అన్నయ్య కాగితం పక్కన పెట్టుకుని, అదే వరసలో రాయడం మొదలుపెట్టాను. సంవత్సరం, మాసం, పక్షం, తిథి సిరాతో రాశాను. అమావాస్య తర్వాత ఒక తిథి గతించి రెండోది నడుస్తుండగా అని కూడా రాశాను. గడియల దగ్గర మాత్రం పెన్సిల్ పట్టుకున్నాను.