మహారాజశ్రీ పట్టా పాసుబుక్కు గారికి

అయ్యా,

ముఖ్యమంత్రి మారారు, పథకం పేరు మారింది, భూమి రికార్డుల పోర్టల్ ధరణి పోయి భూభారతి వచ్చింది. మారనిది తమరి పెత్తనమొక్కటే. అందుకే ఈ అర్జీ సచివాలయానికి పోకుండా నేరుగా తమరి సముఖానికే వస్తోంది. అర్జీదారు కరీంనగర్ జిల్లాలో లోయర్ మానేరు కాల్వ కింద మూడెకరాలు కౌలుకు పట్టి వరి వేస్తున్నాడు. ఆసామి హైదరాబాద్‌లో ఉంటాడు. తమరూ అక్కడే, బీరువాలో చీరల కింద, ప్లాస్టిక్ కవరులో సేదతీరుతుంటారు.

2018 మే 10న హుజూరాబాద్ దగ్గర శాలపల్లి–ఇందిరానగర్‌లో రైతుబంధు మొదలైంది. పెట్టుబడి సాయంగా పంటకు ఎకరానికి 4,000 రూపాయలు. మరుసటి ఏడాది 5,000 చేశారు. ఎన్ని ఎకరాలున్నా ఇచ్చారు. కౌలు రైతుకు మాత్రం ఇవ్వబోమని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ దాచకుండానే చెప్పారు. పదెకరాల పట్టాదారు గట్టు మీద కాలు పెట్టకున్నా పంటకు 50,000 ఖాతాలో పడ్డాయి. ఆ సొమ్ము పడిందని కౌలు తగ్గించిన ఆసామి ఎక్కడైనా ఉంటే, అర్జీదారుకు ఒకసారి చూడాలని ఉంది.

2023 ఎన్నికల ముందు కాంగ్రెస్ కౌలు రైతును కూడా కలుపుకుని ఏడాదికి ఎకరానికి 15,000 ఇస్తామంది. 2025 జనవరి 26న రైతు భరోసా 12,000తో మొదలైంది. గుట్టలనూ వెంచర్లనూ లెక్కలోంచి తీసేశారు, సంతోషం. డబ్బు మాత్రం మళ్లీ తమరి గడపకే చేరింది.

పాత పహాణీలో పట్టాదారు గడితోపాటు అనుభవదారు గడి ఒకటి ఉండేది. దున్నేవాడి పేరు అందులో పడేది. 2017లో మొదలైన భూ రికార్డుల ప్రక్షాళనలో భూమి సంగతేమో గానీ, ఆ గడి మాత్రం శుభ్రంగా కొట్టుకుపోయింది.

ఆదిలాబాద్ వైపు తమరి మహిమ ఇంకా గొప్పది. అడవి అంచున తాతల నాటి నుంచి పోడు చేస్తున్నవాళ్లలో చాలామంది 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో పట్టాల పంపిణీ మొదలయ్యాకే సర్కారు కంటికి రైతులయ్యారు. అక్కడి యార్డుల్లో పత్తి కొనే సీసీఐ మీటరు పత్తిలో తేమ 8 శాతం దాటితే ఇట్టే పసిగడుతుంది. ఆ పత్తి ఎవరి చెమటతో పండిందో చెప్పే మీటరు ఇంకా రాలేదు.

దున్నేవాణ్ని వదిలి భూమి రికార్డుకే డబ్బిచ్చే ఈ జబ్బు మన ఒక్కరిదే కాదు. అమెరికాలోనూ గోధుమ, పత్తి, వరి భూములకు పాత రికార్డుల లెక్కన, పంట వేసినా వేయకున్నా, ధర ఎంతున్నా స్థిరంగా డబ్బిచ్చేవారు. 2014 చట్టంతో ఆ స్థిర చెల్లింపులకు స్వస్తి చెప్పారు.

రైతు స్వరాజ్య వేదిక అనే సంస్థ 2022లో తెలంగాణలో 7,744 మంది రైతులను అడిగితే 2,753 మంది కౌలుదారులని తేలింది. వాళ్లలో ఒకరు చనిపోతే, సొంత పట్టా లేని ఇంటికి 5 లక్షల రైతుబీమా రాదు. వెటకారం ఇక్కడ ఆగిపోతుంది.

అర్జీదారు తమరిలో గుంట భూమి కూడా అడగడం లేదు. యాసంగి పంటల నమోదుకు వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈఓ) గట్టు మీదికి వచ్చినప్పుడు, సర్వే నంబరు పక్కన దున్నేవాడి పేరు కూడా రాసుకుపోనివ్వమని, ఆ పేరు చూసి భరోసా, బీమా ఇప్పించమని మనవి.

ఇట్లు,
అనుభవదారు