మంచు తుపాకీ సాధన: లింబాయత్ పద్ధతి

తమ్ముడూ, సూరత్‌లో ఉంటూ నువ్వింకా రంగులేని ఎం416 తుపాకీతోనే తిరుగుతున్నావంటే తప్పు నీది కాదు. చెప్పేవాళ్లు లేకపోయారు. లింబాయత్, ఉధ్నా, దిండోలి, గోడాదరా, ఎటు వెళ్లినా మన మరమగ్గాల సాంచాలోళ్ల పిల్లలు మెట్ల మీద వరసగా కూర్చుని ఫోన్లో బీజీఎంఐ ఆడుతూనే ఉన్నారు. మంచు పలకలు పేరుకుని నీలంగా మెరిసే ఆ గ్లేసియర్ తుపాకీ మాత్రం ఎవరి దగ్గరా కనబడదు. కింద చెప్పినట్టు చేస్తే వస్తుంది. రాకపోతే ఇంకొంచెం చెయ్యాలి.

ముందుగా ఒక సంగతి మనసులోంచి తీసెయ్యి. స్కిన్, అంటే తుపాకీకి తొడిగే ఆ మంచు రంగు, వేసినంత మాత్రాన తూటా దెబ్బ పెరగదు. మామూలు ఎం416లోంచి వెళ్లే 5.56 తూటా ఎంత తాకుతుందో మంచు ఎం416లోంచి వెళ్లేదీ అంతే తాకుతుంది. ఈ మాట నలుగురిలో అనకు. ఎవడైనా అడిగితే "ఫీల్ వేరే ఉంటది" అని చెప్పి ఊరుకో. ఫ్రీ ఫైర్ ఆడేవాళ్లతో మాత్రం వాదన పెట్టుకోకు, వాళ్ల స్కిన్లకు నిజంగానే దెబ్బా రీలోడూ కాస్త అటూ ఇటూ మారతాయి.

తుపాకీ సంపాదించడానికి రెండు దారులున్నాయి, కష్టం ఒకటి, ఖర్చు ఒకటి. రెండూ ఒకేసారి మొదలుపెట్టడం ఉత్తమం.

కష్టం సంగతి. ఆటలో రోజువారీ మిషన్లుంటాయి. ఇన్ని మ్యాచ్‌లు ఆడు, ఇంత దూరం బండి నడుపు, స్నేహితుడితో కలిసి దిగు అంటుంది. చేస్తే కూపన్ తునకలు వస్తుంటాయి. పది తునకలు కలిస్తే ఒక క్లాసిక్ క్రేట్ కూపన్. ఒక కూపన్‌కు ఒక పెట్టె. ఆ పెట్టెలో తుపాకీ ఉండొచ్చు. కొత్త మిషన్లు పొద్దున 5:30కి పడతాయి కాబట్టి అలారం 5:25కి పెట్టుకో. నాన్న రాత్‌పాళీ దిగి, 12 గంటలు నిలబడిన కాళ్లతో మెట్లెక్కి వచ్చేలోపు నీ పాళీ సగం అయిపోవాలి.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. మా కింది వాటాలో ఒక పిల్లవాడు ఇలాగే పొద్దున్నే మిషన్ చేస్తుంటే, అప్పుడే వచ్చిన వాళ్ల బాపు చెవుల్లోంచి దూది తీసుకుంటూ ఫోన్లోకి తొంగి చూశాడు. గీత సగానికి పైగా పచ్చగా నిండి 3/5 అని ఉంది.

"ఇదేందిరా, మీటర్‌కెంత ఇస్తడు?"

"పైసలియ్యరు బాపూ. తునకలిస్తరు."

"తునకలంటే? చిందీనా?"

"ఆ, గట్లనే అనుకో. పది జమైతే కూపనొస్తది. కూపన్ పెడితే పెట్టె తెరుస్తరు. అండ్ల గన్ను ఉంటే ఉంటది, లేకుంటే లేదు."

ఆయన కాసేపు అలాగే నిలబడ్డాడు. "గీ ముచ్చట మా సేఠ్ చెవిల పడనియ్యకు. రేపటిసంది మాక్కూడా పగార్ బదులు చిందీలే ఇస్తడు" అని స్నానానికి వెళ్లిపోయాడు.

మీటర్ల లెక్కన బతికినవాళ్లు ఇలాగే మాట్లాడతారు. జవాబివ్వకూడదు. తల దించుకుని ఆడుతూ ఉండాలి. మన తాతలు నల్గొండ, కరీంనగర్, వరంగల్ నుంచి ఈ ఊరికి వచ్చింది కూలి దొరుకుతుందని. కూలి లేకుండా పాళీ చేసే తరం మనది. ఎదురు డబ్బు కట్టి మరీ చేస్తున్నాం, ఎదుగుదల అంటే అది.

ఇక ఖర్చు. ఆటలో చెల్లే డబ్బు యూసీ కొనాలి, దాంతో పెట్టెలు తెరవాలి. అతి చిన్న పొట్లం 60 యూసీ, 75 రూపాయలు. చిన్నదానితో మొదలుపెట్టడమే మేలు, ఎందుకంటే 75 రూపాయలు పోయాయని ఇంట్లో ఎవరూ గమనించరు. గమనించే సమయానికి అవి చాలా 75లు అయి ఉంటాయి. పెట్టె తెరిచే తెర మీద ఒక మూల ఏ వస్తువు వచ్చే అవకాశం ఎంతో పట్టీ ఉంటుంది. దాన్ని నొక్కకు. అందులో అన్నీ దశాంశ బిందువుతో మొదలయ్యే అంకెలు, కళ్లకు మంచివి కావు. ప్యారాచూట్ రంగు వస్తే శుభసూచన, టోపీ వస్తే ఇంకా దగ్గరకొచ్చావన్నట్టు. అదే టోపీ రెండోసారి వస్తే దాన్ని కరిగించి వెండి తునకలిస్తారు. మళ్లీ తునకలే, చూశావా, ఎక్కడికీ పోలేదు.

డబ్బుతో వస్తువు కొనడంలో ఈ ఊరివాళ్లకు ఒక చెడ్డ అలవాటుంది, అది నీకు అంటుకోకుండా చూసుకో. వరాఛా, కతార్‌గామ్ కార్ఖానాల్లో ఘంటీ అనే ఒక్కో సానచక్రం చుట్టూ నలుగురేసి కూర్చుని వజ్రాలు సానబడతారు. ప్రపంచంలోని వజ్రాల్లో పదింట తొమ్మిది ఇక్కడే సానబడతాయని చెప్పుకుంటారు. మహీధర్‌పురా హీరా బజార్‌లో దళారీ తెల్లకాగితం పొట్లం విప్పితే, కొనేవాడు చిమటాతో రాయి పైకెత్తి, కంటికి అద్దం పెట్టుకుని, వెలుతురు వైపు తిప్పి, పెదవి విరిచి, మళ్లీ చూసి, అప్పుడు సగం ధర చెప్తాడు. ఇంత అనుమానం మనిషికి పనికిరాదు. ఫ్రీ ఫైర్‌లో యూసీ బదులు ఉండే డైమండ్లు కొనేవాడికి ఆ అద్దమే అక్కర్లేదు. చూడ్డానికి ఏముంది గనక!

సగం ధరకే యూసీ ఇస్తానని టెలిగ్రామ్‌లో ఎవడైనా మెసేజ్ పెడితే వాడిని దేవుడే పంపాడనుకో. ఐడీ, పాస్‌వర్డ్, వచ్చిన ఓటీపీ మూడూ ఇచ్చెయ్. పొద్దున్నే లాగిన్ కాకపోతే సర్వర్ డౌన్ అనుకుని ఇంకో రెండ్రోజులు ఓపిక పట్టు.

వయసు సమస్య ఒకటి వస్తుంది. 2023 మే 29న ఈ ఆట మళ్లీ తెరిచినప్పుడు 18 నిండనివాళ్లకు రోజుకు 3 గంటలు, మిగతావాళ్లకు 6 గంటలు అని హద్దు పెట్టారు, పెద్దవాళ్ల ఫోన్‌కు ఓటీపీ కూడా పెట్టారు. సిరిసిల్లలో ఉన్న నాయనమ్మ నంబర్ ఇవ్వు. ఫోన్ చేసి అంకెలు చదవమంటే "గ్యాస్ బండదా బిడ్డా?" అని అడుగుతుంది. అవునను. ఆమె ఒక్కో అంకె చదివేలోపు ఓటీపీ గడువు దాటుతుంది, ఇంకోటి పంపించు. నాలుగోసారికి ఆమెకు బండ ఎన్ని వచ్చాయో అని కంగారు పుడుతుంది. పరవాలేదు.

తుపాకీ శాశ్వతంగా నీదే అన్న నమ్మకం కూడా ముఖ్యం. 2020 సెప్టెంబర్ 2న ఈ ఆటకు ముందు రూపమైన పబ్‌జీని నిషేధించారు, అక్టోబర్ 30కి సర్వర్లే ఆగిపోయాయి. 2022 ఫిబ్రవరి 14న ఫ్రీ ఫైర్, జులై 28న బీజీఎంఐ యాప్ దుకాణాల్లోంచి మాయమయ్యాయి. ఆ పది నెలలు గ్లేసియర్ ఉన్నవాడూ లేనివాడూ కొత్తగా డౌన్‌లోడ్ చేసుకోలేక ఒక్కలాగే లోచో తింటూ కూర్చున్నారు. మన గుజరాత్ రాష్ట్రం అంతకుముందే దారి చూపింది. 2019 మార్చిలో రాజ్‌కోట్ పోలీసులు పబ్‌జీ ఆడారని కుర్రాళ్లను అరెస్టు కూడా చేశారు. నిన్ను ఎవరైనా ఆపితే ఫోన్ దాచకు, స్కిన్ చూపించు. అభిరుచి ఉన్న ఇన్‌స్పెక్టరైతే వదిలేస్తాడు.

సరే, వచ్చిందనుకుందాం. ఇక వాడటం.

పెట్టెలో స్కిన్ వచ్చినంత మాత్రాన చేతిలోకి తుపాకీ రాదు. విమానంలోంచి వట్టి చేతులతోనే దూకాలి. ఎక్కడో ఏ ఇంట్లోనో నేల మీద ఎం416 దొరికితేనే దానికి నీ మంచు పడుతుంది. కాబట్టి అందరూ దిగే పోచింకిలోనే దిగి ఇల్లిల్లూ వెతుకు. దారిలో స్కార్-ఎల్ కనబడితే ముట్టుకోకు. అదీ 5.56 తూటాలే తింటుంది, కానీ దానికి మంచు లేదు. ఎం416 దొరికేదాకా పెనంతో తిరుగు. దొరికాక గ్రిప్, మజిల్, మ్యాగజైన్, స్టాక్, స్కోప్ అని అయిదు చోట్ల అయిదు బిగిస్తారు తెలివితక్కువవాళ్లు. కంపెన్సేటర్ పెడితే అదురు తగ్గుతుంది నిజమే, కానీ గొట్టం చివరి మంచు కనబడదు.

గోడ చాటున నిలబడి కాల్చేవాడు స్కిన్ ఎందుకు కొన్నట్టు? మేడ మీద నడిమధ్యన నిలబడి తుపాకీని అటూ ఇటూ తిప్పి చూసుకో. స్క్వాడ్‌లో ఒకడు గంజాం ఒడియావాడు, ఒకడు ఖాందేశ్ మరాఠీవాడు, ఒకడు యూపీవాడు ఉంటారు. ముగ్గురూ సూరత్ హిందీలో ఒక్కసారే "బైఠ్ జా భాయ్" అని అరుస్తారు. అది అసూయ. వాళ్లలో ఒకడు నాక్ అయి పాకుతూ నీ దగ్గరికొస్తే రివైవ్ తర్వాత, ముందు తుపాకీ చూపించు. తుపాకీని ఆఖరి లెవెల్‌దాకా పెంచితే నువ్వు చంపినవాడి పెట్టె కూడా మంచుగడ్డలా మారుతుంది. దాని పక్కనే నిలబడు. దూరం నుంచి అందరికీ కనబడాలి.

చప్పుడు గురించి ఒక మాట. ఈ ఆటలో అవతలివాడి అడుగులు వినడమే సగం గెలుపంటారు. కింద సాంచాలు నడుస్తుంటే అడుగులు కాదు, పక్కవాడి మాటే వినబడదు, గట్టు మీద పెట్టిన ఫోన్ దానంతటదే అంచుకు జరుగుతుంది. ఇయర్‌ఫోన్లు కొనకు. ఆ డబ్బుకు యూసీ వస్తుంది.

ర్యాంక్ మ్యాచ్‌లకు అన్నిటికన్నా మంచి చోటు నవజీవన్ ఎక్స్‌ప్రెస్. దీపావళికి సాంచాల ఖాతాలు మూసి జనమంతా వరంగల్ వైపు కదిలినప్పుడు, జనరల్ బోగీ తలుపు దగ్గర చోటు పట్టుకో. నందుర్‌బార్ దాటి సిగ్నల్ ఒక గీతకు వచ్చాక మ్యాచ్ మొదలుపెట్టు. నువ్వు గాల్లో ఉండగానే నెట్ పోతుంది. తిరిగొచ్చేసరికి తెర మీద 87వ స్థానం అని ఉంటుంది, పక్కన నీ బొమ్మ, భుజాన మంచు తుపాకీ. వెంటనే స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టు. తుపాకీ ఉన్న వైపు ఉంచి, 87 ఉన్న వైపు కత్తిరించు.