రాయిలో ప్రక్షిప్తాలు: ఒక సరోజినీ నగర్ వాక్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడి పేరు మోస్తున్న ఈ ఢిల్లీ కాలనీలో కేంద్ర ప్రభుత్వోద్యోగుల క్వార్టర్లున్నాయి, వాటిని కూల్చి లేపుతున్న టవర్లున్నాయి, ఎగుమతికి పోగా మిగిలిన బట్టల బజారుంది. సముద్రం ఒక్కటే లేదు. అది దాదాపు వెయ్యి కిలోమీటర్ల అవతల ఉంది. అయినా ఒక క్వార్టరు హాల్లో, టీవీ ఉండవలసిన చోట, పగడాల ట్యాంకు ఉందనుకోవాలి. లీటరు నీటికి 35 గ్రాముల ఉప్పు, 25-26 డిగ్రీల వేడి, జూన్ నెలలో ఏసీతో పోటీపడి గుర్రుమనే చిల్లరు. గృహస్థు ఒక మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరు, గృహిణి తెనాలి ఆడపడుచు. ఆదివారం నాడు ఆయన సాటి ట్యాంకు పిచ్చాయన దగ్గర ఏడాదిగా నానిన రాయినొకదాన్ని తడిగుడ్డలో చుట్టి తెచ్చి, నీళ్ళలో దింపి, నిశ్చింతగా పడుకున్నాడు. అర్ధరాత్రి మంచినీళ్ళకు లేచిన ఆవిడ నోట వెలువడిన వాక్యత్రయమే ఇక్కడ వ్యాఖ్యేయం.

మూలం

“ఏమండీ! మీ రాయిలోంచి ఏదో పాకుతోంది. దానికి కాళ్ళున్నాయి. నేను లైటు వెయ్యను.”

మెదకు సీమలోని కొలిచెలమ నుంచి వచ్చిన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయనని ప్రతిజ్ఞ పట్టి మహాకావ్యాలకు వ్యాఖ్యలు రాశాడు. ఈ వ్యాఖ్యాతకు ఆ సౌకర్యం లేదు. మూలంలో లేనివి రాయిలోకి ఎలా చేరాయన్నదే ఇక్కడి విచారణ. తాళపత్రాల్లో తరవాతివాళ్ళు దూర్చిన పద్యాలను ప్రక్షిప్తాలంటారు. ఉప్పునీటి ట్యాంకుల వాళ్ళు రాళ్ళలో దూరి వచ్చిన జీవులను హిచ్‌హైకర్లంటారు.

ప్రతిపదార్థం

ఏమండీ = సంబోధన. ‘వినండి’ అని కొందరు అర్థం చెప్పారు. ‘లేవండి’ అన్నదే సంప్రదాయం.

మీ రాయిలోంచి = సాయంత్రం చుట్టాలకు చూపించినప్పుడు అది ‘మా ట్యాంకు’. కాళ్ళు కనబడగానే రాయి ఆయన స్వార్జితమైపోయింది. ఇక రాయి సంగతి. లైవ్ రాక్ అనేది నిజానికి సున్నపు రాయి, అంటే పగడాల పాత అస్థిపంజరం. బతికున్నది రాయి కాదు, దాని రంధ్రాల్లోని జనాభా. పైపొరలోని బాక్టీరియా చేపల అమోనియాను నైట్రేటుగా మారుస్తుంది. ప్రాణవాయువు అందని లోపొరలోని బాక్టీరియా ఆ నైట్రేటును నత్రజని వాయువు చేసి వదిలేస్తుంది. రంధ్రాలు లేకపోతే ఈ ఉపకారం లేదు. రంధ్రాలుంటే అద్దెకున్నవాళ్ళు తప్పరు.

మన సముద్రంలోంచి పగడపు రాయి తవ్వి తెచ్చి అమ్మడం నేరం. 2001లో రాతి పగడాలన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేరాయి. అందుకని బుద్ధిమంతులు కృత్రిమంగా పోతపోసిన రాళ్ళు వాడతారు. అవి కొన్నప్పుడు నిర్జీవాలే. ఒక ఇంట్లో ఏడాది నాని మరో ఇంటికి వెళ్ళేటప్పటికి మాత్రం సకుటుంబ సపరివారంగా వెళతాయి.

ఏదో = ఈ రెండక్షరాల్లోనే శాస్త్రమంతా ఇమిడి ఉంది. సరోజినీ నగర్ బజారులో చొక్కాల గుట్ట ముందు నిలబడ్డ వాళ్ళకు ఈ కష్టం తెలుసు. లేబుల్ కత్తిరించి ఉంటుంది, కంపెనీ ఏదో కుట్టు చూసి, గుండీ చూసి పోల్చుకోవాలి. రాయిలోంచి వచ్చినదాన్ని కూడా అంతే. పేరు అడిగితే చెప్పదు, కుట్టు చూడాలి.

పొడవుగా, గులాబీ రంగులో, కణుపు కణుపుకీ తెల్లటి నూగు కుచ్చులుంటే బ్రిసిల్‌వార్మ్. చూడగానే జెర్రి అనుకుంటారు. చేసే పని మటుకు పాచిపని: చేప తినగా మిగిలిన తిండి, రాళ్ళ సందుల్లో కుళ్ళు, అన్నీ ఊడ్చి తింటుంది. చేత్తో పట్టుకుంటే ఆ నూగు చర్మంలో విరిగి మండుతుంది కాబట్టి పట్టకారు వాడాలి. అంటుకున్న నూగును అతుకుటేపు వేసి లాగేయవచ్చు. కణుపుల పక్కన ఎర్రటి కొమ్మల్లాంటి మొప్పలున్న ఫైర్‌వార్మ్ దీనికి దుష్టుడైన దాయాది. అది పగడాలను తింటుంది.

గోధుమ రంగు కాడ, పైన పల్చటి వేళ్ళ గుత్తి, నీడ పడితే చటుక్కున రంధ్రంలోకి ముడుచుకుపోవడం కనబడితే ఐప్టేసియా అనే అనిమోనీ. దీన్ని గిల్లి పారేద్దామనుకుంటే రక్తబీజుడి కథే. పాదం తాలూకు ముక్క మిగిలితే అది మరో ఐప్టేసియా అవుతుంది. విరుగుళ్ళు మూడు: పెప్పర్‌మింట్ రొయ్య, ఐప్టేసియా తప్ప మరొకటి ముట్టని బెర్గియా అనే గుల్లలేని సముద్రపు నత్త, లేదా నోట్లోకి పిచికారీతో ఎక్కించే చిక్కటి సున్నపు ముద్ద. ఈ చివరిది కిళ్ళీలో పూసే సున్నమే, సుగంధాలేవీ కలపని శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడు. ట్యాంకుల్లో తిట్లు తినే ఈ జీవి ప్రయోగశాలల్లో ముద్దుబిడ్డ. పగడం తన కణాల్లో శైవలాలను ఎలా కాపురం పెట్టించుకుంటుందో శాస్త్రజ్ఞులు దీని మీదే పరిశీలిస్తున్నారు. దీని జన్యుపటం 2015లో వెలువడింది.

గోరంత నక్షత్రం, ఒక చేయి పొడుగు ఒక చేయి పొట్టి అయితే ఆస్టెరినా. తనను తాను రెండుగా చీల్చుకుని సంతానం పొందుతుంది కనుక చేతులు సమంగా ఉండవు. ఎక్కువ భాగం నాచు తిని బతుకుతాయి.

పాకుతోంది = నడక కూడా లక్షణమే. పాములా మెలికలు తిరిగే చేతులు నాలుగైదు కనబడితే బ్రిటిల్ స్టార్, నిరపాయం. అద్దం మీద ఇనుమడించిన వేగంతో జారే చెవి ఆకారపు నత్త స్టొమాటెల్లా, నాచు తినే సాధువు. పట్టుకోబోతే పాదంలో ఒక ముక్క వదిలి బల్లిలా తప్పించుకుంటుంది. కదలకుండా గొట్టంలో కూర్చుని జిగురు దారాలు విసిరి, నీళ్ళలో తేలే తిండి లాక్కునేది వెర్మెటిడ్ నత్త.

కాళ్ళున్నాయి = ఎన్ని, అన్నది మూలం చెప్పలేదు. పది ఉంటే పీత లేదా రొయ్య. పీత అయితే గిట్టలు చూడాలి. కొసలు నల్లగా, ఒళ్ళంతా రోమాలతో ఉంటే అనుమానించడం మంచిది. అలాగని పీతలన్నీ రాక్షసులని సూత్రం కట్టకూడదు. ట్రాపీజియా పీత పోసిలోపోరా పగడం కొమ్మల మధ్య కాపురముండి, తినడానికి వచ్చే ముళ్ళ నక్షత్రాన్ని గిల్లి తరిమేస్తుంది.

లైటు వెయ్యను = ఇది భయం అని పైకి అర్థం. వ్యంగ్యార్థం వేరు, ఆవిడకు తెలియకుండానే శాస్త్రోక్తంగా మాట్లాడింది. తెల్లని వెలుగు పడితే అద్దెకున్నవాళ్ళంతా లోపలికి పోతారు. టార్చికి ఎర్ర కాగితం చుట్టి చూస్తే చాలా వాటికి ఆ వెలుగు అంతగా తెలియదు.

పాఠాంతరం

‘పాకుతోంది’కి బదులు ‘చిటుక్కుమంది’ అని పక్క క్వార్టరు ప్రతిలో ఉంది. ఈ పాఠం నిలిస్తే అర్థం మారుతుంది. చిటుక్కుమనేవి రెండు. పిస్టల్ రొయ్య పెద్ద గిట్టను టక్కున మూస్తే నీటిలో బుడగ పుట్టి పేలుతుంది. చప్పుడు గిట్టది కాదు, బుడగదని 2000లో తేలింది. ఇది గోబీ చేపతో ఒకే బొరియలో పొత్తు పెట్టుకుంటుంది, ఉంచుకోవచ్చు. రెండోది మాంటిస్ రొయ్య. పీకాక్ జాతి దాని దెబ్బ గంటకు 80 కిలోమీటర్లకు పైబడిన వేగంతో పడుతుందని 2004లో కొలిచారు. నత్తలు, పీతలు ఒక్కొక్కటే మాయమవుతుంటే ఇదేనని ఊహించాలి. రాయిని పైకి తీసి రంధ్రంలో సాదా సోడా పోస్తే బయటికొస్తుందని అనుభవజ్ఞులు చెబుతారు.

శంక, సమాధానం

శంక: ఇంత విచారణ ఎందుకు? రాయిని గిన్నెలో వేసి మరిగిస్తే సరిపోదా?

సమాధానం: సరిపోదు, ప్రాణాలకే ముప్పు. రాయి మీద జోయాంతిడ్లనే గుండీల్లాంటి జీవులుంటే వాటిలో కొన్నిటిలో పాలీటాక్సిన్ ఉంటుంది. హవాయి ద్వీపాల్లో హానా దగ్గరి నాచుగా పేరుపడి, నిజానికి జోయాంతిడ్ అయిన ఒక జీవి నుంచి దాన్ని 1971లో వేరుచేశారు. ఇది తెలిసిన విషాల్లో అతి తీవ్రమైనవాటిలో ఒకటి, వేడికి లొంగేది కాదు. రాయి మరిగించి ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలు ఉన్నాయి.

శంక: పోనీ, పట్టించుకోకుండా వదిలేస్తే?

సమాధానం: ఇంగ్లండులోని న్యూకీ బ్లూ రీఫ్ అక్వేరియంలో పగడాలు తెగిపోతూ, గాయాలపాలవుతూ వచ్చాయి. ఎర వేసిన ఉచ్చులు కూడా చిరిగాయి. చివరికి 2009లో రాళ్ళన్నీ ఒక్కొక్కటిగా విప్పితే నాలుగడుగుల యూనిసిడ్ పురుగు దొరికింది. తలమీద అయిదు స్పర్శశృంగాలు, ఇంద్రధనుస్సు మెరుపు ఈ జాతికి గుర్తులు. సిబ్బంది దానికి బారీ అని పేరు పెట్టారు.

ఉదాహరణం

ప్రక్షిప్తం ట్యాంకులోనే ఆగుతుందన్న నియమమేమీ లేదు. అమెరికా ఖండపు ఉష్ణజలాల మైటిలాప్సిస్ అనే నల్లచారల ఆల్చిప్ప ఓడల అడుగుకు అంటుకుని వచ్చింది. 1967లో విశాఖ రేవులో కనబడింది. 1999లో ఆస్ట్రేలియాలోని డార్విన్ రేవుకు చేరితే అక్కడివాళ్ళు పడవల రేవులు మూసేసి బ్లీచింగు, మైలుతుత్తం పోసి నిర్మూలించారు. ట్యాంకులకు అందమని పెంచిన కౌలెర్పా నాచు 1984లో మొనాకో సముద్ర మ్యూజియం కిందనే మధ్యధరాలో మొదట కనబడి, వేల ఎకరాలకు పాకింది. అందుచేత పనికిరాని రాయిని కాలువలోనో, సెలవుల్లో సూర్యలంక వెళ్ళినప్పుడు సముద్రంలోనో వదలకూడదు. పూర్తిగా ఎండబెట్టి చెత్తలో వేయాలి.

తాత్పర్యం

ఓ భర్తా! నీవు తెచ్చిన రాతిలో ఒక గుర్తుతెలియని జీవి ఉన్నది. నీవు లేచి, ఎర్రకాగితపు టార్చి పట్టుకుని, ముందు ఫోటో తీసి, కాళ్ళు లెక్కపెట్టి, తరవాతనే పట్టకారు ఎత్తుము. అది పాచిపని చేసేదైతే ఉండనిమ్ము. నేను మాత్రం వంటింట్లోకి వెళ్ళను, మంచినీళ్ళు నీవే తెమ్ము.

ఫలశ్రుతి

ఈ టీకను మంగళవారం లోపల పఠించిన వారికి కరెంటు బిల్లు తగ్గదు, చిల్లరు చప్పుడు ఆగదు. వారు కాళ్ళజీవిని చంపకుండా ఆగగలుగుదురు. భార్య మటుకు మరునాడు సాయంత్రం ఆ జెర్రినే చుట్టాలకు చూపించి, “ఇది మా బ్రిసిల్‌వార్మండీ, చాలా మంచిది” అని పరిచయం చేయును.